మూడో సిలిండర్‌లో నీళ్ళు

2013 జూన్ 10న నన్ను సామర్లకోట నుంచి కోనసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఐటీఐకి బదిలీ చేశారు. మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఇది రెండేళ్ళ తర్వాత, 2015 జూన్ 14 ఆదివారం నాటి సంగతి.

ఆ ఉదయం ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. సొంత కారు వేడెక్కి ఆగిపోతోందని, డ్రైవర్ సత్తిబాబు నీళ్ళు చూసుకోకుండా ఇంజన్ పాడుచేశాడని, రేపటి నుంచి అతన్ని రావద్దన్నానని చెప్పారు. సత్తిబాబు ఆయన దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ కారు దగ్గరే ఉన్నారు.

"రోజూ పోస్తూనే ఉన్నానండి. ఎక్కడికి పోతున్నాయో ఆ భీమేశ్వరుడికే తెలియాలి" అన్నాడు సత్తిబాబు.

"ఆయన్నెందుకు లాగుతావు మధ్యలో?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

వేడెక్కడం మొదలై తొమ్మిది రోజులు, రోజుకు అరలీటరు. నాలుగున్నర లీటర్లు పోశాడు. కారు కింద నేల మాత్రం పొడిగా ఉంది. అంటే కారడం లోపలే.

ఇంజన్ చల్లగా ఉంది. ఆయిల్ మూత తీసి చూశాను. నీళ్ళు కలిస్తే ఆయిల్ పాలకాఫీలా మారుతుంది, ఇక్కడ మారలేదు. రేడియేటర్‌కు చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి పది నిమిషాలు ఆగాను. పంపు మీటరు ముల్లు పడిపోయింది, బయట చుక్క లేదు. ఇంధనం ఫ్యూజు తీసి, కాయిళ్ళ వైర్లు విప్పి, స్పార్క్ ప్లగ్గులు నాలుగూ ఊడదీశాను. మూడు గోధుమరంగులో ఉన్నాయి. మూడో సిలిండర్‌ది కడిగినట్టు తెల్లగా ఉంది.

ముందు నిలబడవద్దని ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన అక్కడే నిలబడ్డారు. సత్తిబాబు తాళం తిప్పగానే మూడో రంధ్రంలోంచి నీళ్ళు ఎగజిమ్మి ఆయన పంచె తడిసింది.

"ఇదేంటండీ బాబూ!" అంటూ గోడదాకా వెనక్కి జరిగారు.

అది నేను అనుకున్నదే. కానీ నా ముంజేతి మీద పడ్డ చుక్కలు ఆరి తెల్లటి పొడి మిగిలింది. రేడియేటర్ మూతి చుట్టూ కూడా అదే పొడి. ఏ నీళ్ళు పోస్తున్నావని సత్తిబాబును అడిగాను.

"మన బోరు నీళ్ళేనండి మేడం. అప్పట్లో మీరు చెప్పిన దగ్గర్నుంచీ అవే."

నా చేతిలో ఉన్న ప్లగ్గు కింద పడింది.

నా డైరీలో ఉంది. 2013 జూన్ 21, నేను చేరిన పన్నెండో రోజు. కూలెంట్ అయిపోయిందని అతను వస్తే, బోరు నీళ్ళు చాలన్నాను. మా సామర్లకోట ఇంట్లో బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఇక్కడి బోరు నీళ్ళతో అన్నం కూడా వండరు. ఆ రెండేళ్ళూ నేను తాగింది కొన్న నీళ్ళే. సిలిండర్ల మీది అల్యూమినియం హెడ్‌ను ఉప్పు తినేస్తుందని క్లాసులో పాఠం చెప్పేదాన్ని కూడా నేనే.

తప్పు నాదేనని, సత్తిబాబుది కాదని ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన తడిసిన పంచె కేసి చూసుకుని, "అయితే రేపటి నుంచి మిమ్మల్ని రావద్దనాలా మేడం?" అన్నారు. సత్తిబాబు నవ్వలేదు. సోమవారం మామూలుగానే పనిలోకి వచ్చాడు. ఆ వారమే హెడ్ విప్పాం. మూడో సిలిండర్ పక్కన నీటిదారి అంచును ఉప్పు గోరు దిగేంత లోతుగా తినేసింది.

పరీక్షలన్నీ వరుస తప్పకుండా చేసి, ఏ నీళ్ళు అన్న ప్రశ్న ఆఖరున అడిగాను. రిటైరయ్యేదాకా ఆ తర్వాత ప్రతి బండికీ అదే మొదట అడిగాను.