నీ మేకులు నువ్వే పీకు

2022 వానాకాలం. ఇబ్రహీంపట్నం నుంచి రావిర్యాల దాకా పొలాల్లో గుర్రాల షెడ్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఆదిభట్ల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఆదివారం వచ్చి స్వారీ నేర్చుకునేవారు. ఆ గుర్రాలకు లాడాలు కొట్టే ఫారియర్‌ని నేను. మా బాపు ఎడ్లకు కొట్టేవాడు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక, నేను పట్నంలో ఒక క్లబ్బులో గుర్రాల పని నేర్చుకున్నాను.

ఆడమనిషి సుత్తి పట్టిందని నవ్వనివాడు లేడు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు యాదగిరి. ఈ చుట్టుపక్కల పాత ఫారియర్ ఆయనే. చెయ్యి మంచిది, నోరే చెడ్డది. నేను మొదటిసారి ఒక షెడ్డుకు పోయిన రోజు, "ఈమె చేతికి గుర్రం కాలిస్తే, రేపు గుర్రాన్ని మనమే ఎత్తుకొని తిరగాలె" అన్నాడు. ఆ మాట నేను చాలాకాలం మరిచిపోలేదు.

అలాంటిది ఒక పొద్దున షెడ్డు యజమాని సుధాకరన్న ఫోన్ చేశాడు. యాదగిరి లాడం కొట్టిపోయిన రెండు రోజులకే రాణి అనే గుర్రం ముందుకాలు నేల మీద పెట్టడం మానేసిందట. ఆయన అప్పటికే షెడ్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో యాదగిరిని నానా మాటలూ తిట్టాడు. మిగతా షెడ్లు కూడా యాదగిరిని రావద్దన్నాయి. ముప్పూటలా తిండి పెట్టే పని ఒక్క పూటలో పోయింది.

నేను పోయేసరికి రాణి మూడు కాళ్ళ మీద వణుకుతోంది.

"అక్కా, లాడం విప్పి, మేకు మాంసంల దిగిందని ఒక్క మాట చెప్పు. రేపటి సంది నా గుర్రాలన్నీ నీకే" అన్నాడు సుధాకరన్న.

నిజం చెప్తున్నాను, ఆశ పుట్టింది. కానీ ఎడ్ల పనిలో మా బాపుకు ఒక కట్టుబాటు ఉండేది: ఒకరు కొట్టిన లాడాన్ని ఇంకొకరు విప్పాల్సొస్తే, కొట్టినవాడు పక్కనుండాలి. విప్పాక మేకు ఎక్కడ దిగిందో ఎవరేమన్నా చెల్లుతుంది కదా.

"యాదగిరిని పిలు. ఆయన రాంది నేను మేకు ముట్ట" అన్నాను.

"వాడు నా గేటు లోపలికి రాడు."

"అయితే నేను గూడ ఉండ. నీ ఇష్టం."

సంచి భుజాన వేసుకున్నాను. గుర్రం అవస్థ చూసి సుధాకరన్నే దిగొచ్చాడు. నేను యాదగిరికి ఫోన్ చేశాను.

యాదగిరి స్కూటర్ దిగుతూనే నన్ను చూసి మొహం ముడుచుకున్నాడు. "నన్ను బద్నాం చేసేటందుకు నన్నే పిలిచినవా?"

"బద్నాం చేసేదుంటే నిన్నెందుకు పిలుస్త? పట్టకారు తీస్కో. నీ మేకులు నువ్వే పీకు."

మా పనిలో కాలు పట్టేది చిన్నవాళ్ళు, పనిముట్టు పట్టేది పెద్దవాళ్ళు. నేను కాలు పట్టాను. మేకు పచ్చి మాంసానికి తగిలితే క్విక్ అయిందంటాం. అలాంటి మేకు తడిగా, వాసనతో బయటికొస్తుంది. యాదగిరి ఒక్కో మేకూ పీకి సుధాకరన్న అరచేతిలో పెట్టాడు. అన్నీ పొడిగానే ఉన్నాయి.

అప్పుడు హూఫ్ టెస్టర్ తీశాను. గిట్టను అక్కడక్కడా నొక్కి నొప్పి ఎక్కడుందో చూసే పెద్ద పట్టకారు అది. మేకులకు దూరంగా, మడమ దగ్గర నొక్కగానే రాణి కాలు లాక్కుంది. అక్కడ ఇద్దరం కలిసి కొద్దికొద్దిగా చెక్కాం. వానకు మెత్తబడ్డ గిట్టలోకి దూరిన మొరం రాయి కనపడింది. దాని వెనకే నల్లటి చీము. యాబ్సెస్, అంటే గిట్ట లోపలి చీముగడ్డ. చీము అంతా పోయాక రాణి కాలు మెల్లగా నేలకానించి, నిలబడి, గడ్డికి తల వంచింది.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. యాదగిరి పక్కకు తిరిగి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

సుధాకరన్న గొంతు తగ్గించి, "తప్పైంది యాదన్నా" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "నలుగుర్ల తిట్టినవ్ గదనే. నలుగుర్లనే చెప్పు."

సుధాకరన్న నావైపు కోపంగా చూశాడు. తర్వాత మా ముందే ఫోన్ తీసి, అదే గ్రూపులో తన గొంతుతోనే, యాదగిరి తప్పేమీ లేదనీ, తొందరపడి నోరు జారాననీ చెప్పాడు. సాయంత్రానికల్లా షెడ్లన్నీ యాదగిరిని మళ్ళీ రమ్మన్నాయి. పశువుల డాక్టరు వచ్చి రాణికి సూది వేసి, కట్టు కట్టి పోయారు.

గిట్ట మానాక కొత్త లాడం కొట్టడానికి ఇద్దరం పోయాం. యాదగిరి సుత్తి తీసి నా చేతికిచ్చి, తను వంగి కాలు పట్టాడు.

"కొట్టు సుజాతా. నేను పట్టుకుంట."

షెడ్డులో ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మనిషి ఎదురుగా లేనప్పుడు అతని పని మీద తీర్పు చెప్పకూడదనే బాపు ఆ కట్టుబాటు పెట్టుకున్నాడని నాకు ఆ రోజు తెలిసింది. యాదగిరికీ తెలిసినట్టుంది. మొన్న శేరిగూడ దగ్గర నేను లాడం కొట్టిన గుర్రం కుంటుతోందని ఎవరో ఆయన్ని పిలిచారట. వెంటనే నాకు ఫోనొచ్చింది.

"ఏడున్నవ్? జల్ది రా. నీ మేకులు నువ్వే పీకు."