రెండు పూటల డబ్బా

ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను పట్టుకోవద్దు: నేను కోతలు కోస్తాను. పిల్లి కనబడితే పులి అంటాను. పులి కనబడితే ఏమంటానో నాకే తెలియదు, సూరత్‌లో ఇంకా కనబడలేదు. నా మాటను సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, మిగిలినదాన్ని జల్లెడ పట్టి వింటానంటుంది నా భార్య. మీరూ అట్లాగే చదువుకోండి. ఓవర్‌టైం సంగతిలో మాత్రం నేను పెంచడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పెంచాల్సిందంతా మా మగ్గాల యజమాని షేఠే పెంచేశాడు.

మాది సిరిసిల్ల వైపు. ఉండేది సూరత్ డిండోలిలో, ఒక గది, ఒక వంటిల్లు. పని మరమగ్గాల ఖాతాలో. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. పొద్దున ఏడింటికి లోపలికి పోతే సాయంత్రం ఏడింటికి బయటికి వస్తాం. ఆ మగ్గాల చప్పుడు ఎట్లాంటిదంటే, మా రేకుల మీద వాలిన పావురం గుడ్డు పెట్టడం మరిచిపోయి ఎగిరిపోతుంది. చీమలు చెవులు మూసుకుని నడుస్తాయి. అంత మోతలో మనిషి గొంతు ఎవరికి కావాలి? అందుకే మా ఖాతాలో మాటలన్నీ పెదవుల మీదే. ఎదుటివాడు పెదవి కదిపితే చాలు, పది మగ్గాల అవతల నిలబడి చదివేస్తాం. తెలుగైనా, హిందీ అయినా, ఒడియా అయినా సరే. గుజరాతీలో తిట్టు పడుతుంటే ఆ నోరు పూర్తిగా తెరుచుకోకముందే మాకు అర్థమైపోతుంది.

ఇంటికి వచ్చాకే చిక్కంతా. చెవుల్లో మగ్గం ఇంకా ఆడుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని దాటించి మాట్లాడతాను. నేను ఉప్పు అడిగితే మూడో గల్లీలో ఉన్నామె ఉప్పు డబ్బా మూత తీస్తుంది.

పెండ్లిళ్ల సీజను ముంగిట ఒకరోజు షేఠ్ మాకు ఖమన్ తెప్పించాడు, శనగపిండిని ఆవిరి మీద ఉడికించి కోసిన ముక్కలు. ఒక్కో ముక్క నులక మంచం మీద దిండుగా వేసుకోవచ్చు. ఇన్నేండ్లుగా నన్ను "ఏ తెలుగూ" అని పిలిచిన మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి, "కాకా, కల్ సే థోడా ఓవర్‌టైం ఖీంచ్ లేనా. అప్నా ఘర్ జైసా ఖాతా హై" అన్నాడు.

ఇల్లులాంటి ఖాతా అట! ఇల్లులాంటిదైతే నడుం వాల్చనియ్యాలి కదా అనుకుంటూ ఖమన్ తిన్నాను. ఆవాల పోపు బాగానే ఉంది. అదే నాకు మరీ అనుమానం పుట్టించింది.

నా మగ్గాలనే రాత్రి షిఫ్టులో నడిపే జోడీదార్, అంటే జతగాడు, ఒకడున్నాడు; ఓటీ అంటే ఏడింటికి వాటిని వాడికి అప్పగించి పక్క వరస మగ్గాల మీద నిలబడడమే. గంజాం జిల్లావాడు. వాళ్ల ఊరు శ్రీకాకుళం సరిహద్దు కాబట్టి తెలుగు వస్తుంది. ఏడింటికి వాడు రాగానే సంగతి చెప్పాను.

"కాకా అన్నాడేటి?" అన్నాడు వాడు పెదవులతోనే. "అయితే నీ పని అయిపోనాది భాయ్. నన్ను పోయిన సీజన్లో బేటా అన్నాడు. ఇప్పటికీ నా నడుం సరిగ్గా నిలబడదు."

ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా తిట్లకు సిద్ధపడ్డాను. ఎందుకంటే ఓవర్‌టైం అనే మాట వినబడితే చాలు నా భార్య లేస్తుంది. "గా మగ్గాన్నే పెండ్లి చేసుకోకపోయినవ్? నేను మా ఊర్లె నిమ్మలంగ ఉందును" అని మొదలుపెడితే మా ఖాతా మోత దాని ముందు జోలపాట. ఆ రోజు సంగతి చెప్పి, తల కొద్దిగా పక్కకు పెట్టుకుని నిలబడ్డాను.

"పో," అంది. "సీజన్ ఉన్నప్పుడే గద."

"ఏందీ?"

"పొమ్మంటున్న. గట్ల అరుస్తవేంది, నేను ఈడనే ఉన్న."

మర్నాడు పొద్దున నేను అడగకముందే రెండు పూటల డబ్బా కట్టి పెట్టింది. నాలుగు గిన్నెలు. రెండింట్లో అన్నం, ఒకదాంట్లో బెండకాయ పులుసు, పై గిన్నెలో సర్వపిండి, దాని మీద చింతకాయ తొక్కు. ఎత్తితే నా భుజం ఉధనా దిక్కు ఒంగింది. సర్వపిండి! పండుగ లేదు, చుట్టం లేడు. ఇరవై ఏండ్లు ఓటీని తిట్టిన మనిషి సర్వపిండి కట్టి మరీ సాగనంపుతోందంటే, ఇంట్లో నేను లేకపోవడం వల్ల ఎవరికో ఏదో లాభం ఉండి తీరాలి. షేఠ్ లాభం నాకు తెలుసు. మరి ఈమెది?

అప్పటినుంచి నాలో ఒక సీఐడీ పుట్టాడు. రోజూ కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరి, తినేముందు గది అంతా ఒకసారి కళ్లతో తడిమేవాణ్ణి. నా మంచం నేను వదిలిన చోట ఉండేది కాదు. గోడకు నిలబెట్టి, మళ్ళీ వాల్చిన గుర్తులు నేల మీద కనబడేవి. ఒకరోజు నా దిండు అటక మీద దొరికింది. పక్కింటివాళ్లకు మంచం అద్దెకిస్తున్నారా? నా వాటా నేలను ఎవరికైనా రాసిచ్చేశారా? ఫ్రిజ్ కొనబోతూ దానికి చోటు కొలుస్తున్నారా? ఆలోచించీ ఆలోచించీ మగ్గం మీద పోగు తెగితే చూసుకోలేదు. మా చీర మీద ఒక చార పడింది. ఆ చార ఇక్కడినుంచి ఇచ్ఛాపూర్ దాకా ఉంటుంది.

తర్వాత గడప దగ్గర చెప్పుల్లో నల్ల ఇసుక దొరికింది. సూరత్‌లో నల్ల ఇసుక డుమస్ సముద్రం ఒడ్డున తప్ప దొరకదు. మా బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు సెలవు రోజు ముగ్గురం అక్కడికి పోయేవాళ్లం. బండి దగ్గర నిలబడి వేడి వేడి టమాటా భజియాలు తిని, నోరు కాల్చుకుని, ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లం. నేను ఆదివారాలు కూడా ఓటీకి పోవడం మొదలయ్యాక డుమస్ మా ఇంట్లో ఒక మాటగా మిగిలింది. ఇప్పుడు చూస్తే దాని ఇసుక మాత్రం వచ్చింది.

"ఎవరు పోయిండ్రు డుమస్?" అని మామూలుగానే అడిగాను. కింద అద్దెకుండే ఆయన తలుపు తీసి తల బయటపెట్టాడు.

"మేమిద్దరం పోయినం," అంది నా భార్య. "ఆదివారం సుత నువ్వు ఖాతాకే పోతివి."

"నాకు చెప్పలేదేంది?"

"నీకు చెప్తే గల్లీ అంత తయారైతది, బస్సు మాట్లాడాలె."

కాలేజీలో చదివే మా బిడ్డ పుస్తకంలోంచి తలెత్తింది. ఇక్కడే పుట్టి పెరిగింది, దాని నోట్లో మూడు భాషలు ఒకే ప్లేటులో ఉంటాయి. "బాపూ, ఆప్‌కే లియే భజియా తెచ్చినం. నువ్వు లేట్ చేసినవ్, అవి మెత్తగైనయ్. ఇంక మేమే తినేసినం."

నవ్వాను. కానీ ఆ చెప్పుల్లోని ఇసుకను గడప అవతల దులుపుతుంటే లోపల ఒకటే మాట తిరిగింది. వీళ్ల కోసమే కదా నిలబడి నిలబడి కాళ్లు వాపులు తెచ్చుకుంటున్నాను. ఆ వీళ్లు నేను లేని ఇంటికి అలవాటు పడిపోయారేమో! మిగతా అనుమానాలన్నీ నేను పెంచి పోషించినవి. ఇది మాత్రం దానంతటదే పెరిగింది. నేను ఇంట్లో ఉండడం కంటే లేకపోవడమే వీళ్లకు సుఖమైతే, ఇక ఓటీ చేసినా ఒకటే, మానినా ఒకటే.

తేల్చుకుందామని ఒక సాయంత్రం ఏడింటికి షేఠ్ ముందు కడుపు పట్టుకుని వంగాను. నింద ఖమన్ మీద వేశాను. షేఠ్ మొహం చిన్నబోయింది, నన్ను వదిలేశాడు. "ఏటి భాయ్, నిజంగా నొప్పేనా?" అని జోడీదార్ పెదవి కదిపాడు. "తెలుసుకోడానికే పోతున్నా" అని నేనూ కదిపాను.

మా గల్లీలోకి వచ్చి ఇంటికి పోకుండా ఎదురుగా చాయ్ బండి దగ్గర గ్లాసు తీసుకుని, దాని వెనకున్న మేడ మెట్లెక్కి నిలబడ్డాను. మాది మొదటి అంతస్తు. ట్యూబులైటు వెలుతురులో కిటికీలోంచి గది అంతా సినిమా తెరలాగా కనబడుతోంది. టీవీ ఆపేసి ఉంది. అంత ఉక్కలో ఫ్యాను కూడా ఆపేశారు. నా మంచాన్ని గోడకు నిలబెట్టి, దాని మీద తెల్ల దుప్పటి బిగించి కట్టారు. ఆ దుప్పటి ముందు మా బిడ్డ, ఇస్త్రీ చేసిన కుర్తాలో, బిగుసుకుని కూర్చుంది. ఎదురుగా డబ్బాకు ఆనించిన ఫోను. నా భార్య తలుపుకు వీపు ఆనించి, ఈగను కూడా లోపలికి రానివ్వనన్నట్టు కాపలా కూర్చుంది.

మాట వినబడదు. కానీ నాకెందుకు వినబడాలి? పెదవులున్నాయి కదా. అది ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారుచేసే ఆన్‌లైన్ క్లాసని వాటిని చదివితే తెలిసింది. ఫోనులో ఉన్నవాళ్లు ఏం అడిగారో గానీ, మా బిడ్డ హిందీలో జవాబు చెప్పింది: "మేరే పప్పా లూమ్స్ మే సూపర్‌వైజర్ హై."

చాయ్ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నేనా సూపర్‌వైజర్‌ని? మగ్గం నడిపేవాడి బిడ్డనని చెప్పుకోడానికి దానికి సిగ్గా? చాలాసేపు అదే నమిలాను. చాయ్ చల్లారాక ఇంకోటి తోచింది: నోరు తెరిస్తే పెంచే మనిషి కడుపున పుట్టి అది పెంచకుండా ఎట్లా ఉంటుంది? కాకపోతే మరీ సూపర్‌వైజర్ దగ్గర ఆగిపోయింది. నేనైతే షేఠ్‌నే చేసేవాణ్ణి.

దిగి వచ్చి, మా మెట్లు ఎక్కి మెల్లగా తలుపు తట్టాను. నా భార్య సందు తీసి చూసి, నేను ఎక్కడ నోరు తెరుస్తానోనని భయంతో మూతి మీద వేలు పెట్టింది. నేను నోరు తెరిచాను గానీ గొంతు తెరవలేదు.

"క్లాసా?" అన్నాను పెదవులతో.

ఆమె బిత్తరపోయింది. నా గొంతు పోయిందనుకుంది కాబోలు. సిరిసిల్ల మగ్గాల మధ్య పెరిగిన మనిషే కదా, తర్వాత తనూ పెదవులే కదిపింది. "ఓటీకి పోలేదా?"

"పోలేదు."

"పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది."

"మరెందుకు వచ్చినవ్?"

ఎదురు ప్రశ్న వేశాను. "క్లాసు సంగతి నాకు చెప్పలేదెందుకు?"

"చెప్పినం. రెండుసార్లు చెప్పినం. ఊఁ అన్నవ్ సుత. నీకు వినబడలే."

ఇంత చప్పుడు లేకుండా ఎవరూ నన్ను కొట్టలేదు. షేఠ్ నా సాయంత్రాలు తీసుకున్నాడనుకున్నాను, ఆదివారాలు తీసుకున్నాడనుకున్నాను. నా ఇంటి మాటలు కూడా ఆ ఖమన్ ప్లేటులోకే పోయాయని అప్పుడు తెలిసింది.

దుప్పటి ముందు కూర్చున్న మా బిడ్డ, అమ్మా బాపూ మూగసైగలతో కొట్లాడుకోవడం ఓరకంట చూసి నవ్వు ఆపుకోలేక, "సారీ మేడమ్, నెట్‌వర్క్" అంటూ ఫోను మీద చెయ్యి పెట్టింది. నేను గడప పక్కనే నేల మీద కూర్చున్నాను. నా భార్య అన్నం పెట్టింది. ఉప్పు తక్కువైంది, పెదవులతో అడిగాను, వచ్చింది. మూడో గల్లీలో ఏ డబ్బా మూతా తెరుచుకోలేదు. క్లాసు అయ్యేదాకా ఇద్దరం అట్లాగే మాట్లాడుకున్నాం, డుమస్ గురించి, చుట్టాల గురించి, కింద అద్దెకున్నాయన గురించి. ఆయన గురించి ఆయన వినకుండా మాట్లాడడం నాకు అదే మొదటిసారి. చివరికి ఆమె పెదవులు కదిలాయి: "రేపు సుత జల్ది రా."

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి. ఖమన్ ముక్క దిండంత లేదు, చీర మీద చార ఇచ్ఛాపూర్ దాకా లేదు. అవి పెంచినవి. పెంచడం వేరు, కల్పించడం వేరు. కల్పించింది ఒక్కటే. "రేపు సుత జల్ది రా" అని ఆమె అనలేదు. పెదవులు కదిలిన మాట నిజం. "చెప్పులు బయట విడువు" అంది. అంతే అంది. మిగతాది నేనే పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె డబ్బా గడప దగ్గర పెట్టింది. డబ్బా ఎత్తితే తేలిగ్గా వచ్చింది. నాలుగు గిన్నెలకు బదులు రెండే ఉన్నాయి, ఒక్క పూటకు సరిపడా. ఇది కల్పన కాదు. ఖాతాలో షేఠ్ మళ్ళీ కాకా అంటూ వస్తే ఆ డబ్బానే చూపించి, ఏడింటికి బయటపడ్డాను.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. ఒక పూటకే కట్టిందంటే ఇంట్లో బియ్యం అయిపోయాయేమో? ఆ సాయంత్రం ఆమె స్నానానికి పోయినప్పుడు బియ్యం డ్రమ్ము మూత తీసి చూశాను. సగానికి ఉన్నాయి. సగమంటే సగమే, పెంచడం లేదు.