గొర్రెపాలు తాగిన కుక్కపిల్ల

అరవై ఎనిమిదిలో కాబోలు, పాతపట్నం దగ్గర మా ఊళ్లో గొర్రెల్ని చంపుతోందని ఒక ఆడకుక్కను కొట్టి చంపారు. కళ్లయినా తెరవని దాని పిల్లకు మా మావ గొర్రెపాలు పట్టి మందలోనే పెంచాడు. ఏ పాలు తాగితే ఆ గుణమే వస్తుందని మావాళ్ల నమ్మకం.

“తల్లి గుణం నెత్తురులో వస్తాది మావా, లైబ్రరీ పుస్తకంలో సదివినాను” అన్నాను.

“బడి మానేసినోడివి, కుక్కకి జాతకం సెప్తన్నావేటిరా?” అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మందే ఆయన బతుకు. ఏడాది తిరక్కముందే ఒక సాయంత్రం ఆ కుక్క కుంటి గొర్రెపిల్ల వైపు పొట్ట నేలకానించి పాకుతూ, ఆగి, ముందుకాలొకటి ఎత్తింది. అచ్చం తల్లిలాగే. తల్లిని అది చూసి ఎరగదు.

మావ పిలిచాడు. అది చెవి కూడా కదపలేదు. గొర్రెలన్నీ మేత ఆపేశాయి.