దారం కొస

మొన్న మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి రాగి తీగ చుట్టల పార్సిల్ వచ్చింది. నా షాపులో పనిచేసే సుజాత దానికి కట్టిన నైలాన్ దారాన్ని కట్టరుతో టక్కుమని కత్తిరించింది. ఆ చిన్న చప్పుడికి నా చేతిలో పని ఆగిపోయింది. షాపంతా వార్నిష్ వాసన, బయట గోవాడ చక్కెర మిల్లు వైపు పోయే చెరకు ట్రాక్టర్ల రొద. నా ముక్కుకు మాత్రం ఉప్పు గాలి తగిలింది. పెదవులు కూడా నాలుకతో తడుముకున్నాను, నిజంగా ఉప్పగా ఉన్నాయేమోనని.

"ఏటక్కా, అలా ఉండిపోనావు?" అంది సుజాత.

"ఏం లేదే. సముద్రం గుర్తొచ్చింది."

రాగి తీగకూ సముద్రానికీ ఉన్న చుట్టరికం ఏమిటో ఆ పిల్లకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే ముందు సన్యాసిరావు గారి గురించి చెప్పాలి. చోడవరంలో నేను ఇవాళ మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నానంటే, పొలాల్లో కాలిపోయిన మోటార్లకు పాత తీగ పీకి కొత్త తీగ చుట్టి అన్నం తింటున్నానంటే, అది ఆయన చలవే. ఆడమనిషి పేరుతో ఇలాంటి షాపు బోర్డు ఉండేసరికి కొత్తవాళ్లు ఇప్పటికీ ఒకసారి చదివి, ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి చదువుతారు. పేరు సరిగ్గానే ఉంది బాబూ, లోపలికి రండి అని నేనే పిలవాలి.

సన్యాసిరావు గారు నిదానంగా, గంభీరంగా ఉండే పెద్దమనిషి అనుకునేరు. కానే కాదు. నోరు తెరిస్తే కోతలు. రోలుగుంట చెరువులో ఆయన పట్టిన చేప ప్రతి ఏడూ పెరుగుతూ ఉండేది. వాళ్ల తాతగారు ఒకసారి పులిని చెప్పుతో కొట్టారు, మరోసారి కర్రతో కొట్టారు, వినేవాళ్లు మరీ అమాయకులైతే ఉత్త చేత్తోనే కొట్టారు. కడుపు ముందు నడిచేది, మాట దానికన్నా ముందు నడిచేది. కానీ ఆ మనిషి దగ్గర పని చేసినవాళ్లెవరూ ఆయన తిట్టాడని ఏడవగా నేను చూడలేదు.

మా ఆయన విశాఖపట్నంలో కంపెనీ పనికి పోయి ఆదివారాలకు వచ్చే రోజులవి. నేను చంటిపిల్లాడితో మా అమ్మ దగ్గర ఉండేదాన్ని. ఇల్లు గడవడానికి పని కావాలని ఆయన షాపుకు వెళ్తే, అక్కడున్న మగవాళ్లు నవ్వారు. "ఆడగుంటకి కరెంటు పనేటి గురువుగారూ?" అన్నాడొకడు.

"తీగకి ఆడా మగా తెలవదురా. సుట్టు తప్పితే ఎవల్నైనా కాల్చేస్తాది," అన్నారాయన. ఆ పూటే పనిలో పెట్టుకున్నారు.

మొదట నేర్పింది తీగ చుట్టడం కాదు, తీగ కొసలు చూడడం. అరచేతిలో రెండు తీగ ముక్కలు పెట్టి, ఏది ఎలా తెగిందో చెప్పమన్నారు. నాకు రెండూ ఒక్కలాగే కనిపించాయి.

"సరింగా సూడే పైడమ్మా. లాగుడికి తెగిన తీగ కొస దగ్గర సన్నబడిపోద్ది. కట్టరు పెట్టినది నున్నగా ఉంటాది. మోటారు పాడైందని రైతు వందమాటలు సెప్తాడు. నువ్వు ముందు కొస సూడు, ఆ తరవాత మాటలిను."

ఇప్పటికీ నేను ఏ మోటారు విప్పినా ముందు కొసలే చూస్తాను. అలవాటు అలా పడిపోయింది.

మమ్మల్ని సముద్రం మీదికి తీసుకెళ్లిన పడవ మా షాపుకు తుక్కుతోపాటే వచ్చింది. భీమిలి దారిలో మూతపడిన ఓ రిసార్టు నుంచి కాలిపోయిన మోటార్లు కొంటే, వాటితోపాటు నారింజరంగు ప్లాస్టిక్ పడవ ఒకటి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ఒకరి వెనక ఒకరు కూర్చునేలా రెండు సీట్లు. కయాక్ అంటారట. అడుగున పగులుంటే ఆయనే సోల్డరింగు ఇనుముతో కరిగించి అతికారు. దాన్ని ఆటో మీద కట్టుకుని బజార్లోంచి తెస్తుంటే టీకొట్టు దగ్గరున్నవాళ్లు ఊరుకుంటారా?

"ఏటి సన్యాసీ, గేదెలకి కుడితి తొట్టి కొన్నావేటి?"

"ఈ తొట్టిలోనే కూకోని సముద్రంలోకెల్తాను. వంజరం సేపని తెచ్చి మీకందరికీ పులుసు పెట్టకపోతే నన్ను ఇదే పేరెట్టి పిలవండి!"

ఇంకేముంది, వాళ్లు ఆ పేరు అప్పుడే సిద్ధం చేసుకున్నారు. తొట్టి సన్యాసి.

కళ్యాణపులోవ జలాశయంలో కొన్నాళ్లు తెడ్డు వెయ్యడం నేర్చుకున్నారు. స్నేహితులు రాని రోజున ముందు సీటులో నన్ను కూర్చోబెట్టేవారు. నాకు బాగా నచ్చింది. నీళ్ల మీద ఎవరూ నన్ను పిలవరు, పిల్లాడు ఏడవడు, మోటారు ఎప్పుడిస్తావని ఎవరూ అడగరు. సముద్రానికి వెళ్లే రోజు రానే వచ్చింది. వస్తానన్న స్నేహితుల్లో ఒకరికి అత్తగారు దిగింది, ఒకరికి సెగ్గడ్డ లేచింది. ఆయన మొహం చూస్తే నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, వాళ్ల మీద.

"నానొస్తాను గురువుగారూ," అన్నాను.

ఆయన భార్య నూకరత్నం గారు వెంటనే కేరేజీ సర్దేశారు. "నానూ వస్తాను. ఒడ్డున కూకుంటాను. ఈ మడిసిని ఒంటరిగా ఒగ్గేస్తే సముద్రానిక్కూడా కబుర్లు సెప్పేస్తాడు."

రాంబిల్లి దాటి, సరుగుడు తోటల మధ్య ఇసుక బాటలో పోతే, కొండ ఒకటి సముద్రంలోకి దిగినచోట ఎవరూ రాని ఒడ్డు ఉంది. నాలుగు తెప్పలు, వల బాగుచేసుకుంటున్న ముసలాయన, అంతే. మా గురువుగారు దర్జాగా డబ్బా తెరిచి ఎర తీశారు. తవుడులో బెల్లం కలిపి పిసికిన ముద్దలు. చెరకు ఊరివాళ్లం కదా, మా చెరువుల్లో చేపలకు అదే పెడతాం. అవి తినే చేపలు కూడా మాలాగే తీపి మరిగినవి. ముసలాయన ఒక ముద్దను అలలో ముంచి ఎత్తి చూపించాడు. చేతిలో బెల్లం నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

"సముద్రానికి పానకం పోస్తారా బాబూ? వంజరం ఇది తినదు," అని పగలబడి నవ్వి, తన బుట్టలోంచి కవ్వలనే చిన్న చేపలు గుప్పెడు తీసిచ్చాడు. నవ్వు ఆపాక మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాడు. "పడమటి గాలి ఈపుకి తగిలిందంటే సేప సంగతి మర్సిపోండి. అది ఒడ్డు మీంచి లోపలికి తోసీసే గాలి. మా తెప్పలే ఆగవు, మీదెంత?"

మొదటి అల మొహాన కొట్టినప్పుడు నేను పెట్టిన కేకకు ఒడ్డున నూకరత్నం గారు లేచి నిలబడ్డారట. రెండో అల దాటాక ఏడుపొచ్చింది. మూడోది దాటాక ఒకటే నవ్వు. అలలు విరిగే చోటు దాటితే సముద్రం మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టు పైకి కిందికి ఊగుతోంది. కొండను ఆ పక్కనుంచి చూడడం అదే మొదటిసారి. నేను ముందు సీటులో తెడ్డు వేస్తున్నాను, ఆయన వెనక గేలం దారం వదిలి కబుర్లు చెబుతున్నారు. పుట్టాక ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేననిపించింది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా.

"మరేటనుకున్నావే! మోటార్లు సుట్టుకుంటూ కూకోడానికేనేటి పుట్టినాం?" అన్నారు.

అప్పుడే వెనక దారం చుట్టిన గేలం చక్రం గిర్రుమంది. పడవ ఒక్కసారి కుదుపుకు పక్కకు తిరిగింది. "పడ్డాదే! పైడమ్మా, పడ్డాది! అబ్బో, ఏటే ఇది, మడిసంత ఉంది!" ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. గాల్లోకి ఎగిరిందట. నాకు వెనక్కి తిరిగే ధైర్యం లేదు, తిరిగితే పడవ ఒరుగుతుందని భయం. చేప మమ్మల్ని లోపలికి లాక్కుపోతోంది. చాలాసేపు అలా లాగింది. ఆయన గసపోసుకుంటూ దారం చుట్టడం, అది మళ్లీ గుంజుకోవడం.

పడవ ఒడ్డు వైపు మెలి తిరిగినప్పుడు నా మొహానికి చల్లటి గాలి కొట్టింది. ఒడ్డు మీంచి వస్తున్న గాలి, ముసలాయన చెప్పిన గాలి. నూకరత్నం గారి ఎర్ర చీర కోసం వెతికాను, కనబడలేదు. కొండ చిన్నదైపోయింది. అలల మీద తెల్లటి నురగ లేస్తోంది. నా చేతులు తెడ్డు మీద బిగుసుకుపోయాయి. వెయ్యాలని తెలుసు, వెయ్యలేను. మా అమ్మ దగ్గర వదిలొచ్చిన పిల్లాడు గుర్తొచ్చి నోట్లోంచి ఒక్క మాటే వచ్చింది.

"గురువుగారూ, నా గుంటడు..."

ఆయన మాట్లాడకుండా ఉన్న క్షణం నేనెరిగి అదొక్కటే. వెనకనుంచి టక్కుమని చిన్న చప్పుడు వినబడింది. పడవ ఉయ్యాల వదిలేసినట్టు ఊగి నిలిచింది.

"తెగిపోనాది! ఎదవ దారం! లాగుడికి తెగిపోనాది," అన్నారు. వెంటనే, "సరే, తెడ్డు ఎయ్యి. నాతో పాటు ఎయ్యి. మా తాత పులిని కొట్టిన సంగతి నీకెప్పుడైనా సెప్పేనా?"

దారి పొడుగునా ఆ పులిని చంపుతూనే ఉన్నారు. ఒక్కో దెబ్బకు ఒక్కో తెడ్డు. పులి చచ్చేలోగా ఒడ్డు చేరాలని పందెం. నా చేతులు ఎప్పుడు కదిలాయో నాకు తెలియదు. మేము దిగినచోటికి ఎంతో దూరంలో ఒడ్డుకు తగిలాం. నూకరత్నం గారు కేరేజీ పట్టుకుని ఇసుకలో పరిగెత్తుకొస్తున్నారు. నేను ఆవిడ భుజం మీద పడి ఏడ్చాను. ఆవిడ నన్ను పట్టుకునే మొగుడి వైపు తిరిగి చెడామడా తిట్టారు. తిడుతూనే కేరేజీ విప్పి పెట్టిన పులిహోర రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

సాయంత్రం షాపులో గేలం చక్రాన్ని మంచినీళ్లతో కడుగుతుంటే దారం కొస నా వేళ్లకు తగిలింది. నున్నగా ఉంది. సన్నబడలేదు, తెల్లబారలేదు, మెలితిరగలేదు. వెలుతురులో పెట్టి చూశాను. నాకు కొసలు చూడ్డం నేర్పింది ఎవరో తెలుసు కదా. ఊరందరి ముందూ శపథం చేసి, జన్మంతా కలలుగన్న చేప చేతికందే వేళ, ఆయన తన జేబులోంచి కట్టరు తీసి కోసేశారు. నేను బెదిరిపోయానన్న మాట నా చెవిన కూడా పడకుండా దారాన్ని తిట్టారు.

తలెత్తేసరికి ఎదురుగా ఆయన.

"ఏటి సూస్తన్నావు?"

"ఏం లేదు గురువుగారూ. ఎదవ దారం," అన్నాను.

"అదే కదా సెప్తన్నాను," అన్నారు. కాసేపు నా మొహంలోకి చూసి, టీకి డబ్బులిచ్చి పంపారు.

ఆ టీకొట్టు దగ్గర ఆయన ఏళ్ల తరబడి తొట్టి సన్యాసిగానే ఉన్నారు. "పులుసు ఎప్పుడు సన్యాసీ?" అని అడిగేవాళ్లు. ఆయన నవ్వి, తప్పిపోయిన చేపను ఇంకొంచెం పెంచి చెప్పేవారు. ఒకరోజు ఉండబట్టలేక, "అసలు జరిగిందేటంటే" అని మొదలెట్టాను. "పైడమ్మా, మన షాపులో స్టార్టరు కాలుతున్న వాసనొస్తంది సూడు," అన్నారు. ఏ స్టార్టరూ కాలడం లేదు. మళ్లీ సముద్రానికి వెళ్లారుగానీ వంజరం పడలేదు. తర్వాత మోకాళ్లు సహకరించలేదు. ఆ పడవలో మట్టి పోసి నూకరత్నం గారు తోటకూర వేశారు. నేను సొంతంగా షాపు పెట్టుకుంటానంటే, బోర్డు మీద పేరు పెద్దగా రాయించమని పోరి రాయించింది ఆయనే.

కిందటేడు ఆయన పోయారు. పదో రోజు భోజనాల్లో నేను సాంబారు వడ్డిస్తున్నాను. టీకొట్టు స్నేహితులు ఒక వరసలో కూర్చున్నారు. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఒకాయన, "పాపం, ఆ దారం తెగకుంటే మా సన్యాసి ఒక్క వంజరమైనా తెచ్చుండును," అన్నాడు.

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. "దారం తెగలేదు," అన్నాను. "గురువుగారే కోసేరు. పడమటి గాలి కొట్టింది. నాను బెదిరిపోయేను. నన్ను ఒడ్డుకి తేవాలని కోసేరు. దారం కొస నానే సూసేను."

నూకరత్నం గారు పక్క వరసలో అన్నం వడ్డిస్తూనే, తల తిప్పకుండా అన్నారు. "నాకు తెలుసమ్మా. ఇంటికొచ్చినాకా సెప్పేరు. ఆ గుంటకి తెలిస్తే బాధపడతాది, నువ్వు సెప్పకే అన్నారు." అప్పటిదాకా ఏడవని మనిషి, అన్నం బేసిను కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి మా బజార్లో ఎవరూ తొట్టి సన్యాసి అనలేదు.

ఇదంతా విని సుజాత తీగ చుట్టడం మర్చిపోయింది. పోయిన నెల ఈ పిల్ల చుట్టిన మోటారు కాలిందని ఒక రైతు గొంతెత్తితే, లోపం నాదేనని అడ్డం నిలబడ్డాను. ఎందుకలా అన్నావని అప్పుడు అడిగింది, చెప్పలేదు. ఈసారి అడగలేదు. కోసిన నైలాన్ ముక్క కొసను వేలితో తడిమి చూసుకుంటోంది.

"అయితే అక్కా, ఆ సేప నిజంగా అంత పెద్దదేనా?"

నేను చూడలేదు. నా వీపు వెనక జరిగింది. దాన్ని చూసిన మనిషి ఒక్కరే, ఆయనిప్పుడు లేరు.

"మడిసంత," అన్నాను రెండు చేతులూ చాపి. అది చాలదనిపించి, లేచి నిలబడి, "ఇంకా పెద్దది," అన్నాను.