నీలం రెక్క

మొన్న పొద్దున గుడివాడలో మా వీధి మలుపు దగ్గర పోస్టర్లు అంటించేవాళ్లు బకెట్టు దింపితే, ఉడికిన మైదా జిగురు వాసన గుప్పుమంది. పాలప్యాకెట్టు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలిందంటే చాలు, నాకు కోడూరు దగ్గర మా ఊరు గుర్తొస్తుంది, పెరట్లో వెదురు బద్దల మధ్య గొంతుక్కూర్చున్న తాతయ్య గుర్తొస్తాడు, పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసి, అది విషం, నాకారంటే వీపులు చీరేస్తానని పిల్లలందర్నీ బెదిరించే నాయనమ్మ గుర్తొస్తుంది.

మా దివిసీమలో ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాలూ, వరికోతలతో కలిసే వచ్చేది. తెల్లారేసరికి పొలాల మీద మంచు, ఆ మంచులో తడిసిన పనల వాసన, వాకిట్లో ముద్దబంతులు, ఇంటింటా వెల్ల వేసిన పచ్చి సున్నం వాసన, బళ్లోంచి రాగానే గడ్డివాము మీద దొర్లి ఒళ్లంతా దురదలు తెచ్చుకోవడం, చర్చి అయ్యగారు వస్తున్నారని ఎవరైనా అంటే తాతయ్య చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకోవడం, ఇవన్నీ నాకు క్రిస్మస్‌లో భాగమే. పండగ ఒక్కరోజే, దాని కోసం ఎదురుచూడటం మాత్రం నెల పొడుగునా ఉండేది.

ఆ ఎదురుచూపుకి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మొదటి ఆదివారానికి ముందే తాతయ్య వెదురు బద్దలతో ఐదు రెక్కల నక్షత్రం కట్టి, కాగితం లేకుండా వసారాలో వేలాడదీసేవాడు. ఆదివారానికి ఒక రెక్క చొప్పున ఎర్రకాగితం అంటించాలి. అదీ ఊరికే కాదు. మొదటిది నిరీక్షణ రెక్క. రాత్రి ప్రార్థనయ్యాక దేనికోసం ఎదురుచూస్తున్నామో ఒక్కొక్కళ్లం చెప్పాలి; నేను ఏటా కొత్త గౌను అనేదాన్ని, తాతయ్య ఏటా తుఫాను రాకుండా కుప్ప నూర్చుకుంటే చాలనేవాడు. రెండోది సమాధానం, అంటే శాంతి. ఎవరితో మాటల్లేవో వాళ్ల గుమ్మం తొక్కి రావాలి. మూడోది సంతోషం, మంచాన పడి చర్చికి రాలేనివాళ్లకి ఏదైనా వండి పట్టుకెళ్లి వాళ్లడిగిన కీర్తన పాడి రావాలి. నాలుగోది ప్రేమ, మనకి అక్కర్లేనిది కాదు, ఇష్టమైనదే ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ఐదో రెక్క పండగ ముందురోజు. చెయ్యాల్సింది చెయ్యకపోతే ఆ రెక్కకి కాగితం లేదు, ఐదూ నిండకపోతే నక్షత్రం ఇంటి మీది వెదురుగడ ఎక్కదు. ఇదంతా నాయనమ్మ చట్టం. దాని మీద అప్పీలు లేదు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు ఆ చట్టానికి నాయనమ్మే దొరికిపోయింది.

పక్కిల్లు చిన్ననాయనమ్మది, అంటే మా నాయనమ్మ తోటికోడలు సువార్తమ్మది. రెండిళ్లకీ మధ్య తాటాకు దడి, ఆ దడిలో మనిషి పట్టేంత సందు. కూరగిన్నెలూ, కబుర్లూ అటూ ఇటూ ఆ సందులోంచే నడిచేవి. ఆ వేసవిలో మా అత్త పెళ్లి ప్రధానానికి నాయనమ్మ ఊరంతా తిరిగి పిలిచింది గాని పక్కింటికి వెళ్లలేదు. ఇంట్లో మనిషిని కూడా పిలవాలా అని నాయనమ్మ ఉద్దేశం. పరాయివాళ్లని గుమ్మంలోకి వెళ్లి పిలిచి నన్ను వదిలేసిందే అని తోటికోడలి కష్టం. చిన్ననాయనమ్మ ఆ రోజు తలుపేసుకుని ఇంట్లోనే కూర్చుంది. అప్పట్నుంచి దడి సందుకి అటువైపు ఒక తడిక, ఇటువైపు ఒక తడిక లేచాయి.

ఆ డిసెంబరులో మొదటి రెక్క అయింది. రెండో ఆదివారం నాయనమ్మ జిగురు గిన్నె తియ్యలేదు. ఎందుకని నేనడగబోతే తాతయ్య కళ్లతోనే వద్దన్నాడు. తర్వాత మూడోది అంటించారు, నాలుగోది అంటించారు, మధ్యలో రెండోది బద్దలు బయటపెట్టుకుని బోసిగా ఉండిపోయింది. మీ నక్షత్రానికి పన్ను ఊడిందా అని సండేస్కూల్లో పిల్లలు వెక్కిరించారు. ఊళ్లో ఒక్కో ఇంటి మీదా నక్షత్రం లేస్తుంటే, ఈసారి మా గడ ఉత్తిదే నిలబడుతుందేమోనని నాకు ఏడుపొచ్చేది. కాగితం అంటించేసి గొడవ వదిలించుకోమని తాతయ్య ఒకసారి మెల్లగా అన్నాడట. దేవుడికి కనపడదా అందట నాయనమ్మ.

పండగ దగ్గరపడింది. అరిసెలకి తడిపిండి కొట్టి పెట్టారు. పిండి ఆరకముందే వండాలి, పొయ్యి మీద బెల్లం పాకం పొంగుతోంది. ఆ పాకం ఎప్పుడు దించాలో చెప్పేది ఎప్పుడూ చిన్ననాయనమ్మే, మా నాయనమ్మకి ఆ చూపు లేదు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి ఉండ చేసి చూస్తుంది, చాల్లేదనుకుంటుంది, మళ్లీ వేస్తుంది, దడి వైపు చూస్తుంది. దడికి అవతల చిన్ననాయనమ్మ ఊడ్చిన చోటే మళ్లీ మళ్లీ ఊడుస్తోంది. బెల్లం వాసన ఆవిడకీ తగులుతోంది కదా.

నాయనమ్మ ఉన్నట్టుండి లేచింది. చేతికంటిన పాకం కొంగుకి తుడుచుకుంటూ వెళ్లి మా వైపు తడిక లాగేసింది.

"సువార్తా, ఆవేళ నీ గుమ్మంలోకొచ్చి పిలవాల్సింది. పిలవలేదు, నాదే తప్పు. పాకం చూద్దువుగాని, రా."

చీపురు చప్పుడు ఆగింది.

"ఆ రా అనే మాట కోసమే గదక్కా ఇన్నాళ్లూ ఉన్నాను. ముందా మంట తగ్గించు, మాడు వాసనొస్తంది" అంటూనే చిన్ననాయనమ్మ తన వైపు తడిక కాలితో తోసేసి వచ్చేసింది.

అప్పటికే పాకం ముదిరిపోయింది. ఆ ఏడు అరిసెలు గట్టి రాళ్లు. తాతయ్య వాటిని టీలో నానబెట్టుకుని తిన్నాడు గాని, ఆయనతో సహా ఎవరూ వంక పెట్టలేదు. ఇద్దరు నాయనమ్మలూ పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తూ, నవ్వుతూ వండటం చూసి నాకు కలిగిన సంతోషం ఏ కొత్త గౌనూ ఇవ్వలేదు. రెండో రెక్కకి కాగితం తీస్తే అది ఎలుక కొట్టేసి ఉంది. చిన్ననాయనమ్మ తన ఇంట్లోంచి నీలం కాగితం తెచ్చింది. పండగ ముందురోజు ఐదోదీ అంటించాక, నాలుగు ఎర్ర రెక్కలు, ఒక నీలం రెక్కతో మా నక్షత్రం గడ ఎక్కింది. ఆ తర్వాత ఎర్రకాగితం ఎంతున్నా, రెండో రెక్కకి నీలమే వెయ్యాలని నాయనమ్మ చట్టానికి ఒక సవరణ చేసింది.

ఇప్పుడా దడి లేదు, సిమెంటు గోడ ఉంది. దానికి సందు పెట్టలేదు. మా పెరడు వెనక పొలమంతా రొయ్యల చెరువు. తాతయ్యా, ఇద్దరు నాయనమ్మలూ సమాధుల దొడ్లో పక్కపక్కనే ఉన్నారు.

బందరులో చదువుతున్న మా అమ్మాయి నిన్న అక్కడి నుంచి ప్లాస్టిక్ నక్షత్రం కొనుక్కొచ్చి బాల్కనీలో కట్టింది. స్విచ్చి నొక్కగానే ఐదు రెక్కలూ ఒకేసారి ఎర్రగా వెలిగాయి. బాగుందామ్మా అంది. బాగుందన్నాను, నిజంగానే బాగుంది. దీనికి జిగురు కాయక్కర్లేదు, ఆదివారాలు ఆగక్కర్లేదు, ఎవరూ ఎవరినీ రా అని పిలవక్కర్లేదు.