గొట్టం మీద ఒక్క దెబ్బ

ఆవిడ కూర్చుని ఉండగా చూసినవాళ్ళు తక్కువ. భోజనం కూడా తలుపు దగ్గర నిలబడి, ఒక కన్ను కంచంలో, ఇంకో కన్ను పిల్లల మీద వేసి చేసేది. కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగే ఆ మనిషికి మహిళా సంఘంలో అందరూ పెట్టిన పేరు టకటకమ్మ.

సంఘం ఉన్నది రెండు గదుల్లో. పెద్ద గదిలో పన్నెండు మంది ఆడవాళ్ళు కాలిపోయిన ఫ్యాన్లకీ నీళ్ళ మోటార్లకీ కొత్తగా రాగి తీగ చుడతారు. చిన్న గదిలో వాళ్ళ పిల్లలు. పిల్లల్ని చూసుకునేది టకటకమ్మ. రెండు గదుల మధ్య గోడలోంచి పాత నీళ్ళ గొట్టం ఒకటి పోతుంది. ప్రతి అరగంటకీ ఆవిడ స్టీలు గరిటెతో దాని మీద ఒక్క దెబ్బ వేస్తుంది. ఒక్క దెబ్బ అంటే అందరూ క్షేమం. రెండు దెబ్బలు వేస్తే చంటివాడికి పాలవేళ అయింది, తల్లి రావాలి. మూడు వేస్తే చేతిలో ఉన్నది వదిలేసి పరిగెత్తి రావాలి. ఆరేళ్ళలో మూడు దెబ్బలు పడింది ఒక్కసారే, ఒక పిల్ల ముక్కులో శనగగింజ దూర్చుకున్నప్పుడు.

ఈ గరిటె అలవాటుకి వెనక ఒక సాయంత్రం ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఆవిడ బొత్తాల ఫ్యాక్టరీలో పనిచేసేది. మూడేళ్ళ కూతుర్ని ఎవరి దగ్గర వదలాలో తెలియక గదిలో పెట్టి తాళం వేసి వెళ్ళేది. ఒకరోజు ఫ్యాక్టరీలో ఆలస్యమైంది. వచ్చి తాళం తీస్తే పిల్లకి దెబ్బ లేదు, జ్వరం లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరుస్తోంది గానీ శబ్దం రావటం లేదు. నాలుగు రోజుల్లో గొంతు తిరిగొచ్చింది. ఇప్పుడా కూతురు ఫోన్లో గంటసేపు ఊపిరి పీల్చకుండా మాట్లాడుతుంది, తల్లి ఒక్కసారి కూడా "ఇక చాల్లేవే" అనదు.

ఆ సోమవారం సంఘం ప్రెసిడెంటమ్మ చిన్న గదిలోకి వచ్చి నిలబడింది. రిటైరైన లెక్కల టీచరు. ఏ విషయమైనా బోర్డు మీద రాసినట్టు చెబుతుంది.

"టకటకమ్మా, ఎల్లుండి ట్రస్టు నుంచి మేడమ్ వస్తున్నారు. ఆడవాళ్ళ సంఘాలకి సాయం చేసే ట్రస్టు. మనకి పది కొత్త చుట్టుడు మిషన్లు, రెండేళ్ళ శిక్షణ. ఇన్నాళ్ళకి ఒకళ్ళు మన గడప తొక్కుతున్నారు."

"మంచిదేగా అమ్మా. పది మిషన్లు ఎక్కడ పెడతారు?"

ప్రెసిడెంటమ్మ గోడలవైపు చూసింది. "ఈ గదిలో."

"మరి పిల్లలు?"

"వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం."

టకటకమ్మకి 'తర్వాత' అనే మాట బాగా తెలుసు. ఆ మాటని నమ్ముకునే తన కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసింది.

"ఇంకోటి," ప్రెసిడెంటమ్మ గొంతు తగ్గించింది. "వాళ్ళ ఉత్తరంలో 'పనిలో నైపుణ్యం' అని రాశారు. ఇక్కడ ఉయ్యాలలూ పాలసీసాలూ కనపడితే ఇది పిల్లల బడి అనుకుంటారు. ఆ ఒక్క పూటా వీళ్ళని రెండు వీధుల అవతల రీడింగ్ రూమ్‌కి తీసుకెళ్ళు. నా మాట కాదనకు."

కాదనలేదు. ప్రెసిడెంటమ్మ చెడ్డది కాదు. బజార్లో మోటారు షాపులవాళ్ళు "ఆడవాళ్ళు చుట్టిన మోటారు గోల తప్ప పని చెయ్యదు" అని నవ్వుతుంటే, ఎండలో తిరిగి ఒక్కో గిరాకీని తెచ్చింది ఆవిడే.

బుధవారం పొద్దున తొమ్మిది మంది పిల్లల్ని తీసుకుని టకటకమ్మ బయల్దేరింది. నడవగలిగినవాళ్ళకి ముళ్ళు వేసిన తాడు ఉంది. ముడికొక పిల్ల. నాలుగు నెలలవాడు ఆవిడ భుజం మీద. వాడి తల్లి పొడుగమ్మాయి, సంఘంలో అందరికంటే చెయ్యి తిరిగినది. మేడమ్ ముందు చుట్టి చూపించాల్సింది ఆ అమ్మాయే.

"పిన్నీ, సీసా పట్టడేమో వాడు."

"పడతాడులే. నువ్వు నీ లెక్క చూసుకో."

రీడింగ్ రూమ్‌లో బీరువాలు, పాత పేపర్ల కట్టలు, గోడ మీద టిక్కుటిక్కుమనే గడియారం. పదిన్నర అయింది. టకటకమ్మ చెయ్యి దానంతటదే గొట్టం కోసం వెతికింది. గొట్టం లేదు. కిటికీ ఊచ మీద గరిటెతో ఒకసారి కొట్టింది. పిల్లలందరూ తలుపువైపు చూశారు. ఊచ చప్పుడు రెండు వీధులు దాటి ఎక్కడికి వెళ్తుంది?

పదకొండయింది. చంటివాడు సీసా నోట్లో పెడితే నాలుకతో తోసేస్తున్నాడు. చెంచాతో పడితే ఉమ్మేస్తున్నాడు. భుజం మార్చింది, పాట మార్చింది. ఏడుపు పెద్దదైంది, తర్వాత చిన్నదవటం మొదలుపెట్టింది. ఆ చిన్నదవటమే ఆవిడకి భయం. నుదుటి మీద చెయ్యి పెట్టింది, నోరు తడిగా ఉందో లేదో వేలితో చూసింది. వెళ్తే ప్రెసిడెంటమ్మకి ఇచ్చిన మాట పోతుంది, మాటతోపాటు మిషన్లూ పోవచ్చు. పదకొండూ పదికి వాడి ఏడుపులో బొంగురు వినిపించింది.

"లేవండి," అంది పిల్లలతో. "తాడు పట్టుకోండి."

సంఘం గుమ్మంలో అడుగు పెట్టేసరికి కాలుతున్న తీగ వాసన. బల్ల మీద కొత్తగా చుట్టిన టేబుల్ ఫ్యాను తేనెటీగల తుట్టెలా మోగుతోంది, రెక్కలు మాత్రం బద్ధకంగా తిరుగుతున్నాయి. ప్రెసిడెంటమ్మ స్విచ్చు కట్టేసింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎదురుగా ట్రస్టు మేడమ్, చేతిలో కాగితాల అట్ట. పొడుగమ్మాయి తల దించుకుని నిలబడి ఉంది.

"కాయిల్‌కి నాలుగొందల చుట్లమ్మా," అంటోంది. "మూడొందలే పడ్డాయి రెండింటికి. వందకొక గీత గీస్తాను. గీత గీశానో లేదో..."

ఆ పాత మిషన్ల మీద చుట్లు లెక్కపెట్టే మీటరు ఏనాడో చచ్చిపోయింది. నోటి లెక్క, చాక్‌పీసు గీత, అంతే. ఈ ఆరేళ్ళలో పొడుగమ్మాయి లెక్క తప్పింది లేదు.

చంటివాడు తల్లిని చూసి ఒక్క కేక పెట్టాడు. పొడుగమ్మాయి ఎవర్నీ చూడకుండా వచ్చి వాణ్ణి లాక్కుని మూలకి తిరిగి కూర్చుంది. గదిలో ఏడుపు ఆగిపోయింది.

"ఈ పిల్లలెవరు?" మేడమ్ అడిగింది.

"ఇరుగుపొరుగు పిల్లలండీ, ఊరికే..." ప్రెసిడెంటమ్మ మొదలుపెట్టింది.

"కాదండీ, వీళ్ళ పిల్లలే," అంది టకటకమ్మ. తాడు వదలకుండానే ఒక అడుగు ముందుకేసింది. "రోజూ ఆ గదిలోనే ఉంటారు. అరగంటకోసారి గొట్టం మీద కొడతాను, అందరూ బాగున్నారని. ఇవాళ కొట్టలేదు. చెవి గోడకి అతుక్కుపోయి ఉంటే నోటికి లెక్క ఎలా వస్తుందండీ? ఫ్యాను చెడగొట్టింది ఆ అమ్మాయి కాదు, మేం దాచిపెట్టటం. కావాలంటే మళ్ళీ చుట్టించండి, నన్ను ఆ గదిలో ఉండనిచ్చి."

ప్రెసిడెంటమ్మ కళ్ళు మూసుకుంది.

మేడమ్ గడియారం చూసుకుంది. ఫోను తీసి ఎవరికో "నేను రావటం ఆలస్యమవుతుంది" అని చెప్పింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"చుట్టమ్మా. చూస్తాను."

పాలు తాగిన చంటివాణ్ణి అందుకుని, టకటకమ్మ పిల్లలందరితో చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ గంటన్నరా ఆవిడ గోడ ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టే మీటరు లేదు. ఆ అమ్మాయి మనసు ఇంకా కుదురుకోకపోతే? మళ్ళీ లెక్క తప్పితే ఈ గది పోవటమే కాదు, తప్పంతా పిల్లలదే అవుతుంది. పన్నెండుకి గొట్టం మీద ఒక్క దెబ్బ వేసింది. పన్నెండున్నరకి ఒకటి. ఒంటిగంటకి ఒకటి.

అవతల ముందు ఏమీ వినపడలేదు. తర్వాత సన్నగా గాలి చప్పుడు. మోత లేదు.

తలుపు తీసేసరికి మేడమ్ కాగితాలు ఫ్యాను గాలికి లేచిపోతుంటే ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుతూ ఏరుతున్నారు.

"బాగుంది," అంది మేడమ్. మొహం మాత్రం ఇబ్బందిగానే ఉంది. "కానీ మా ఫారంలో మిషన్లకి గడి ఉంది, శిక్షణకి ఉంది. పిల్లల గదికి లేదు."

"గడిదేముందండీ, గీస్తే వస్తుంది," అంది పొడుగమ్మాయి, చంటివాణ్ణి భుజానేసుకుని. "స్కేలు ఇమ్మంటారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రెసిడెంటమ్మ నవ్వలేదు. బోర్డు మీద రాసినట్టు చెప్పింది. "మేడమ్, మాకు పది మిషన్లు వద్దు. ఈ గదిలో ఎన్ని పడితే అన్నే ఇవ్వండి. ఆ గది మాత్రం వదలం. అది ఒప్పుకోకపోతే మిషన్లు కూడా వద్దు."

ఆ మాట అన్నాక ఆవిడ చీరకొంగుతో మెడ తుడుచుకుంది.

"కమిటీకి చెబుతాను. మాటివ్వలేను," అంటూ మేడమ్ లేచింది.

మూడు వారాలు ఉత్తరం రాలేదు. టకటకమ్మ రాత్రిళ్ళు అటూ ఇటూ దొర్లింది. తన నోటి దూకుడువల్ల పన్నెండు ఇళ్ళ పొయ్యి మీద నీళ్ళు పోశానేమో అనుకుంది. ఉత్తరం వచ్చిన రోజు ప్రెసిడెంటమ్మే చదివి వినిపించింది: నాలుగు మిషన్లు, మీటర్లతో సహా; పిల్లల గది, దాన్ని చూసుకునే మనిషి జీతం శిక్షణలో భాగంగా, రెండేళ్ళపాటు.

అందరూ చప్పట్లు కొట్టారు. టకటకమ్మ నిలబడే ఉంది.

"రెండేళ్ళ తర్వాతో అమ్మా?"

"కాస్త కూర్చోవే తల్లీ! ఇవాళే వచ్చింది ఉత్తరం."

ఆవిడ చిన్న గదిలోకి వెళ్ళిపోయింది. ఒక పిల్ల చెప్పు కనపడక దాని కోసం వెతకటంలో టైము దాటింది. ఇంతలో గోడ అవతల నుంచి ప్రెసిడెంటమ్మ గొంతు, లెక్క తప్పిన పిల్లని గద్దించినట్టు:

"టకటకమ్మా, అరగంట దాటి రెండు నిమిషాలైంది! ఇంకా కొట్టలేదేం?"

ఆవిడ చెప్పు వదిలేసి గరిటె అందుకుంది.