మాస్టారు కొట్టేసిన మార్కులు

మా మాస్టారు పోయారండీ. మొన్న పొద్దున్న తాడేపల్లిగూడెంలో, పేపరు చదువుతూ "ఈ లెక్క ఎవరు సరిచూశారో!" అని విసుక్కుని, అలాగే గోడకి చేరబడిపోయారట. ఆయన పోకడే అది.

పెద్దవాళ్లకి చదువు ఎలా చెబితే వస్తుందో పరీక్షించి తేల్చాలని ఆయనకి పిచ్చి. నేను ఆయన దగ్గర అసిస్టెంటుని. కొల్లేటి లంకలో, వలలు ఆరేసుకున్న మధ్యాహ్నాలు, జాలర్లకి రెండు జట్లుగా చెప్పేవాళ్లం. ఆయనది కొత్త పద్ధతి, 'వల', 'పడవ' అంటూ ముందుగానే మాట మొత్తం చూపించడం. నాది పాతదే, ఒక్కో అక్షరం. ఎవరు ఏ జట్టో చీట్లు తీసి తేల్చారు. చురుకైనవాళ్లని ఏరేసుకుంటారేమోనని ఆయన మీద ఆయనకే అనుమానం!

గెలిచిన పద్ధతిలో వాచకం అచ్చు వేస్తామన్నారు వయోజన విద్యా బోర్డువారు. ఆయన వాచకం అప్పటికే రాసి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నారు, పాపం.

పరీక్షనాడు ఒక్కొక్కరినీ గుడిసెలోకి పిలిచి ఒకే కాగితం చదివించాం. నా జట్టుది నత్తనడక. ఆయన జట్టులో మొదటి ఇద్దరూ కూడబలుక్కుంటూ చదివారు, తర్వాతవాళ్లంతా గడగడా చదివేశారు. చివరి జాలరి సోమయ్య కూడా తప్పు లేకుండా అప్పజెప్పాడు, కాగితం తలకిందులుగా పట్టుకుని!

"ఎవరు చెప్పారు సోమయ్యా?" అన్నారు మాస్టారు.

"ముందెల్లినోళ్లు సెప్పారండి. తమరి మాట పోకూడదని అందరం బట్టీ పట్టేసేవండి."

మాస్టారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "ఎంత ప్రేమయ్యా మీకు! నా కొంప ముంచారు కదా!" అని, ఎర్ర పెన్సిలు తీసి మార్కులన్నీ కొట్టేశారు.

నాకే ప్రాణం ఒప్పలేదు. "ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాను.

"తెలియకపోతే, రేపు ఇంకో ఊళ్లో ఇంకో సోమయ్య కాగితం ఇలాగే పట్టుకుంటాడయ్యా."

మళ్లీ పరీక్ష పెట్టాం. ఈసారి మనిషికో కాగితం, ఆయన జట్టుని నేను, నా జట్టుని ఆయన చదివించాం. నా జట్టే నెగ్గింది. జరిగిందంతా రిపోర్టులో పూసగుచ్చినట్టు ఆయనే రాసి, "ఓడినవాణ్ణి, కాఫీ నువ్వే పోయించాలి" అన్నారు. ఆ తర్వాత సోమయ్యని నా జట్టులో చేర్పించిందీ ఆయనే.

అక్షరాల వాచకం అచ్చయి వచ్చాక, మొదటి ప్రతి తనే లంకకి తీసుకెళ్లి సోమయ్య చేతికిచ్చారు. తిరిగి వచ్చేద్దామని పడవ ఎక్కబోతుంటే, ఒడ్డున సోమయ్య ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తెరిచి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదవడం మొదలెట్టాడు. మాస్టారు ఆగిపోయారు. ఖద్దరు పంచె తడిసిపోతోంది, ఆయనకి తెలియడం లేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, సోమయ్య వేలు తర్వాతి అక్షరం మీదికి జరిగేదాకా ఊపిరి బిగపట్టి చూస్తున్నారు.